బువ్వ పిలుపు

పున్నమి మర్నాడు

నీళ్ళు: వేడెక్కాయి. రంగు: పచ్చ. నాచు తాళ్ళు: తెగలేదు. పిలుపు: ఈ పొద్దు నుంచి ఆపు. చేపలు: బోయా దగ్గరే ఉన్నాయి.

పైన గడుల్లో రాయాల్సింది అంతే. కింద ఖాళీ జాగాలో "నీ కంటికి ఏం కనపడితే అది నీ మాటల్లో రాయి పెద్దమ్మా" అంది షమీమ్. ఈ చేపల పెంపక కేంద్రంలో నీళ్ళ చదువు చదువుకున్న అమ్మాయి ఆవిడే. నాది ఐదో తరగతి. నోటితో చెబితే మిషనే రాసుకుంటుందట. కాని మాటతో పాటు గొంతు కూడా దాచుకుంటుంది అది. మా ఇంట్లోంచి ఒక గొంతు దానికి ఇచ్చేశాం, చాలు. నేను చేత్తోనే రాస్తాను.

పిలుపు ఏటా ఈ రోజుల్లో ఆపుతారు. పండుగప్ప గుడ్లకొచ్చే కాలం. పిలుపు వినపడకపోతే చేపలు, గొలుసుతో కట్టి తేలేసిన ఆ బోయాని వదిలి నది మొగకి పోతాయి. ఉప్పునీరూ తీపినీరూ కలిసే ఆ జాగాలోనే అవి గుడ్లు పెట్టేది. తర్వాత మళ్ళీ పిలుపు మొదలుపెడితే పిల్లల్ని వెంటేసుకుని వస్తాయి. వేట మానేసి వలలు సర్కారుకి అప్పజెప్పిన ఏడు నుంచి మా వాడకి తిండి ఇలాగే వస్తోంది. పొద్దున, సాయంత్రం బోయా కింద బూరలోంచి పిలుపు వస్తుంది, చేపలు మూగుతాయి, పురుగుల పిండీ నాచూ కలిపిన గుళికలు రాలతాయి. ఆ మూగినవాట్లోంచి మనిషికింతని వంతు తీసుకుంటాం. గుడ్ల కడుపుతో ఉన్నదాన్ని చేత్తో తడిమి నీళ్ళలోకి వదిలేస్తాం.

బూరలోని గొంతు మా అబ్బాయి ఎల్లాజీది. "బువ్వకొచ్చీండ్రోయ్..." అని సాగదీసి పిలుస్తాడు. చిన్నప్పుడు ఒడ్డున ఆడుకుంటుంటే నేను వాణ్ణి పిలిచిన పిలుపే. చేపపిల్లలకి పిలుపు నేర్పే పనిలో చేరినప్పుడు "అమ్మ పిలుపైతే ఎవులైనా వొస్తార్లే" అన్నాడట, షమీమ్ చెప్పింది.

కార్తీకంలో వాయుగుండం పడ్డప్పుడు బోయా గొలుసు తెగుతోందని పడవేసుకుని వెళ్ళాడు. గొలుసు కట్టే ఉంది. పడవ దొరికింది. వాడు దొరకలేదు.

వాడి కొలువు నాకిచ్చారు. ఇవాళ పొద్దున ఒడ్డున కూర్చుంటే చెవులు బోసిపోయాయి.

చవితి

నీళ్ళు: వేడి. పిలుపు: లేదు. చేపలు: పోలేదు.

కాసులమ్మ మధ్యాహ్నం గిన్నెతో వచ్చింది. పక్కిల్లే, నాకన్నా చిన్నది, నోరు మాత్రం పెద్దది. గిన్నెలో ఎండు నెత్తళ్ళ ఇగురు. నేను తిననని తెలిసే తెస్తుంది.

"ఓలప్పా, సారు తాగి తాగి సింతపండైపోతన్నావే. సేపలోళ్ళింట పుట్టి ఇదేటి మడి?"

"ఒడ్డు కేక అయ్యేదాకా తినకూడదు గదే."

"మరెయ్యి కేక. ఇప్పుడు పిలుపు కూడా ఆపీసినారు. ఇదే అదును."

ఒడ్డు కేక అంటే మా వాడలో ఉన్న పద్ధతి. మనిషి సముద్రంలో పోయి శవం దొరక్కపోతే, వాడి తల్లి గుప్పెట్లో అన్నం పట్టుకుని చీలమండల దాకా నీళ్ళలో నిలబడి మూడుసార్లు పేరు పెట్టి పిలవాలి. వెనక నుంచి కులపెద్ద "సంద్రం ఏటన్నాది?" అని అడుగుతాడు. జవాబు రాలేదని తల్లి చెబితే అప్పుడు వాడు పోయినట్టు. అన్నం నీళ్ళలో వదిలి, వెనక్కి చూడకుండా వచ్చి, ఆ రోజు చేప కూరతో అన్నం తినాలి.

నేను ఇన్నాళ్ళూ పిలవలేదు. రెండు పూటలా సముద్రంలోంచి వాడి గొంతే వస్తుంటే జవాబు లేదని ఏ నోటితో చెప్పేది? ఇప్పుడు ఆగిందంటే గుడ్ల కాలానికి ఆగింది. మళ్ళీ వస్తుంది కదా.

"మళ్ళీ పిలుపు పెడతారే కాసులూ" అన్నాను.

అది నా మొహంలోకి చూసి గిన్నె మూత పెట్టేసింది. "నీ ఇష్టం. పిల్లికి ఏసుకుంటాను."

సాయంత్రం షమీమ్‌తో పడవలో బోయా దగ్గరకి వెళ్ళాను. ఎప్పుడో పోవాల్సిన చేపలు. పెద్ద పెద్ద పండుగప్పలు, వెన్ను మీద రాగి మెరుపుతో, బూర చుట్టూ తలలు దానివైపే పెట్టి నిలబడి ఉన్నాయి. ఈదడం లేదు. తోకలు మాత్రం కొంచెం కొంచెం ఆడిస్తున్నాయి. ఆడవాటి కడుపులు ఉబ్బి ఉన్నాయి.

షమీమ్ పడవ అంచు పట్టుకుని చూస్తూ ఉండిపోయింది. తనది కర్నూలు వైపు. నిరుటి గుడ్ల కాలం దాటాక ఇక్కడ ఉద్యోగం వచ్చింది, అప్పుడే సముద్రం చూసిందట. ఇప్పటికీ పడవ ఎక్కితే వాంతి చేసుకుంటుంది. అలాంటిది ఈ రోజు వాంతి సంగతే మర్చిపోయింది.

"ఇట్లెందుకు నిలబడినాయో తెలీడం లేదు పెద్దమ్మా. పోవాల్సినవి."

కాచుకుని ఉన్నాయి. నాలాగే. రాయకూడదేమో గాని రాస్తున్నాను, ఆ చేపల్ని చూస్తే నాకు తోడు దొరికినట్టయింది.

సప్తమి. పాటు నీరు, వెనక్కి తీస్తోంది

చేపలు: పోలేదు. చచ్చినవి: ఉన్నాయి, ఒడ్డుకి రెండు మూడు కొట్టుకొచ్చాయి.

కేంద్రంలో వాడ మొత్తాన్ని కూర్చోబెట్టింది షమీమ్. నిరుడు ఎలా పోయాయి, అంతకు ముందేడు ఎలా పోయాయి అని అందర్నీ అడిగింది. పెద్దవాళ్ళు తలలు వంచుకున్నారు, మిగతావాళ్ళకి తెలియదు. పిలుపు ఆపితే అవే పోతాయి, అంతే కదా అన్నారు.

మా మరిది పోలారావు కులపెద్ద. ఆఖర్న లేచాడు. కండువా తీసి చేతిలో నలుపుతున్నాడు.

"అవే పోయేవి కావు మేడమ్. ఎల్లాజీగాడు పంపీసీవోడు."

వెనక కూర్చున్నవాళ్ళు ముందుకు జరిగారు.

"పిలుపు ఆపీసిన రోజు ఆడొక్కడే పడవేసుకుని ఎల్లీవోడు. పడవ సెక్క మీద ఏదో కొట్టీవోడు, ఏటో అనీవోడు. సేపలు ఎల్లిపోయీవి. నాను ఒడ్డు మీంచి సూసినాను."

"ఏమని చెప్పేవాడు సార్?"

"ఇనపడేది కాదు."

"మరి పిలుపు రికార్డు చేసినప్పుడు ఇది ఎందుకు చేయలేదు? ఫైల్లో పిలుపు ఒక్కటే ఉంది."

పోలారావు కండువాలోకి చూస్తూ చెప్పాడు. "ఆడు సేత్తాననే అన్నాడు. మేమే వొద్దన్నాం. ఇంట్లోంచి ఎల్లీటప్పుడు కూడా 'ఎల్లొత్తాను' అంటాం గాని 'పోతాను' అనం గదా. సంద్రంలో దిగీవోడి నోట 'పో' అన్న మాట మిషన్లో పెట్టి దాస్తే ఇంటికి అరిష్టం అన్నాం. పెద్దోళ్ళం అందరం అన్నాం. ఆడు నవ్వి, సరే బాబాయ్, ఆ మాట నాను నోటితోనే అనుకుంటాన్లే అన్నాడు."

ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. తిట్టడానికి ఏముంది? నేను ఆ రోజు అక్కడ ఉండి ఉంటే నేనూ అదే అందును. ఏ తల్లయినా అంటుంది.

పంపేసేటప్పుడు ఏం అనేవాడో, చెక్క మీద ఎలా కొట్టేవాడో, వాడితోనే పోయింది.

నవమి

చేపలు: పోలేదు.

నన్ను బోయా దగ్గరికి తీసుకెళ్ళి, నీళ్ళలో వేలాడే బూరకి కలిపిన మైకు నా చేతికిచ్చారు. తల్లి గొంతు కదా, కొంచెం పోలిక ఉంటుందేమోనని షమీమ్ ఆశ. ఈ ఒక్కసారికి నా గొంతు దాచనని ఒట్టేసింది.

పడవ చెక్క మీద పిడికిలితో కొట్టాను. తెడ్డుతో కొట్టాను. "ఎల్లండమ్మా, ఎల్లిపొండి" అన్నాను. తర్వాత గట్టిగా అన్నాను. తర్వాత ఎల్లాజీని చిన్నప్పుడు తిట్టినట్టు తిట్టాను. కాసులమ్మ మొగుడు పడవ నడుపుతున్నాడు, నవ్వు ఆపుకోలేక మొహం అటు తిప్పుకున్నాడు.

ఒక్క చేప కూడా తల తిప్పలేదు. నేనెవరో వాటికి తెలియదు.

ఏకాదశి

చేపలు: పోలేదు. చచ్చినవి: పెరిగాయి.

ఇవాళ జరిగింది రాయాలా వద్దా అని చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను.

ఎల్లాజీ గొంతు మిషన్ దగ్గర ఉంది కాబట్టి, ఆ గొంతుతో ఏ మాటైనా అనిపించవచ్చట. షమీమ్ ముందు నా దగ్గరకొచ్చి అడిగింది. చచ్చిపోయినవాళ్ళ గొంతు వాళ్ళ తల్లిది, తల్లి లేకపోతే భార్యది అని చట్టం ఉంది. నేను మిషన్ అద్దం మీద బొటనవేలు పెట్టకుండా ముట్టుకోవడానికి లేదు. పెట్టాను. మనసులో కొంచెం ఆశ కూడా పడ్డాను, వాడి నోట కొత్త మాట వినొచ్చని.

"పొండమ్మా. ఇంక ఎల్లిపొండి."

వాడే. ఆ గొంతే, చివర్న కొంచెం బొంగురు కూడా వాడిదే. కాని ఎక్కడా ఊపిరి తీసుకోలేదు. వాడు నాతో ఎప్పుడూ అనని మాట, ఏ మనిషితోనూ అనని మాట, వాడి నోట్లోంచి వస్తుంటే నేను చెవులు మూసుకున్నాను.

చేపలు ఏం చేశాయో తెలుసా? దగ్గరకొచ్చాయి. అన్నీ ఒక్కసారి బూర మీదకి ఎగబడ్డాయి. నోళ్ళు తెరుచుకుని పైకొచ్చాయి. వాడి చెక్క చప్పుడు తోడు లేకపోతే వాటికి మాటతో పని లేదు. ఆ గొంతు వినపడిందంటే బువ్వ, అంతే. పొమ్మంటున్నా వచ్చాయి.

షమీమ్ చప్పున ఆపేసింది. "తప్పైపోయింది పెద్దమ్మా, తప్పైపోయింది" అంటూ ఏడ్చేసింది. నేనే దాని వీపు నిమిరాను. అప్పుడు వాంతి కూడా చేసుకుంది.

అమావాస్య. పెద్ద పోటు

బూరని పడవకి కట్టి, అసలు పిలుపే పిలిపిస్తూ నది మొగ దాకా లాక్కెళ్ళారు. అవన్నీ వెంట వచ్చాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. వాడే తీసుకెళ్తున్నాడు చూడండి, వాడు ఉన్నా లేకపోయినా వాడి పని వాడు చేస్తున్నాడు అని పడవలో అందరికీ చెప్పాను.

మొగ దగ్గర పిలుపు వినపడినంతసేపు గుడ్లు పెట్టకుండా బూర చుట్టూ మూగాయి. పిలుపు ఆపగానే వెనక్కి తిరిగి మళ్ళీ బోయా దగ్గరకొచ్చి నిలబడ్డాయి. రెండుసార్లు చేశాం. రెండుసార్లూ అంతే.

తిరిగొచ్చాక షమీమ్ నన్ను పక్కకి తీసుకెళ్ళింది. తను మాట్లాడకముందే నాకు అర్థమైంది, ఏదో అడగబోతోందని. చెప్పులు విప్పి నా ముందు నేల మీద కూర్చుంది.

"ఆ గొంతు మీద వాటికి ఆశ పోవాల పెద్దమ్మా. ఆశ ఉన్నంతకాలం అవి కదలవు."

"ఎలా పోతాది?"

"పిలుపు ఇస్తాము. వస్తాయి. వచ్చినప్పుడు నీళ్ళలోకి కరెంటు వదుల్తాం. చాలా తక్కువ. చావవు, చురుక్కుమంటుంది అంతే. మళ్ళా పిలుస్తాము, మళ్ళా వదుల్తాం. గొంతు వినపడితే పారిపోవాలనేదాకా."

నేను లేవబోతే తను నా చెయ్యి పట్టుకుంది.

"తర్వాత కొత్త పిల్లలకి గంట నేర్పుకుంటాము. మనిషి గొంతు ఇంక ఎప్పుడూ వాడము. నిన్ను బలవంతపెట్టను. నువ్వు వద్దంటే వద్దు, ఇంకో దారి వెతుకుతా."

"ఇంకో దారి ఉందేటమ్మా?"

తను ఇసుకలో వేలితో గీత గీసి చెరిపేసింది. "లేదు పెద్దమ్మా."

విదియ

చేపలు: పోలేదు.

రాయడానికి ఏమీ లేదు.

చవితి

పోలారావు వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు. నన్నేమీ అడగనూ లేదు. చుట్ట కాల్చుకుని వెళ్ళిపోతూ అన్నాడు: "ఈ ఏడు గుడ్లు పడకపోతే వొచ్చే ఏడు వంతు ఉండదొదినా. ఆ పైయేడు కూడా ఉండదు. ఇంక నీ ఇష్టం. నువ్వు కాదన్నా నానేటి అనను. అనడానికి నాకు నోరు లేదు."

కాసులమ్మ మాత్రం అడ్డంగా మాట్లాడింది. "సేపల్ని కొట్టి తోలీవోళ్ళుంటారా? ఈ సదువుకున్నోళ్ళకి మతి సెడ్డాది. పడవెక్కితే కక్కీ పిల్ల సంద్రాన్ని బాగు సేత్తాదట!" అంది. దాని కోపమంతా నా కోసమే, నాకు తెలుసు. కాసేపటికి అదే మళ్ళీ వచ్చి, "అప్పా, మా కోడలికి ఇప్పుడు ఆరో నెల" అని చెప్పి, ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయింది.

నేను సాయంత్రం ఒడ్డు వెంబడి నడిచాను. నాచు ఆరబెట్టే పందిళ్ళ దాకా. అక్కడ ఒక పండుగప్ప కొట్టుకొచ్చి ఉంది. నా చేతి పొడుగు ఉంటుంది. చేపలు కోసిన చేతులు ఇవి, నేను వద్దనుకున్నా ఆగవు. మొలలో కత్తి తీసి కడుపు చీల్చాను.

నిండా గుడ్లు. అన్నీ నల్లబడిపోయాయి. వాసన కూడా మారింది. పెట్టే చోటికి పోలేక లోపలే పాడైపోయాయి. అది చివరి దాకా మోసుకుని ఆ బూర ముందే నిలబడి ఉంటుంది.

ఇసుకలో గొయ్యి తీసి పాతిపెట్టి, ఆ చేతులతోనే కేంద్రానికి వెళ్ళి బొటనవేలు పెట్టాను. అద్దం మీద మరక పడింది. షమీమ్ తుడవలేదు.

పంచమి

పిలుపు: ఇచ్చారు. చేపలు: వచ్చాయి.

నన్ను రావద్దన్నారు. నేను వెళ్ళాను. వాడి గొంతు, నేనుండకపోతే ఎలా?

గొంతు మొదలైంది. "బువ్వకొచ్చీండ్రోయ్..." ఎన్ని రోజులైందో విని. అసలు గొంతు, వాడి ఊపిరితో సహా. చేపలు ఎలా వచ్చాయంటే, నీళ్ళన్నీ వెండైపోయాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కి, నీళ్ళలోంచి పైకి ఎగిరి. ఇన్ని రోజులు నిలబడ్డందుకు పిలిచాడు కదా.

షమీమ్ వేలు మీట మీద ఉంది. నొక్కింది.

చప్పుడేమీ లేదు. చేపలన్నీ ఒక్కసారి బిగుసుకున్నాయి. తర్వాత చెల్లాచెదురైపోయాయి. నీళ్ళు ఖాళీ.

కాసేపాగి మళ్ళీ పిలిచాడు.

అవి మళ్ళీ వచ్చాయి.

ఇంక రావు అనుకున్నాను, వచ్చాయి. కొంచెం దూరంలో ఆగి చూశాయి. ఇంకా పిలుస్తున్నాడు కదా, వాడెందుకు కొడతాడు అన్నట్టు దగ్గరకొచ్చాయి. మళ్ళీ నొక్కింది.

మూడోసారి పిలిచినప్పుడు నేనేం చేశానో నాకు తెలియలేదు. కాసులమ్మ మొగుడు నా రెండు రెక్కలూ పట్టుకుని వెనక్కి లాగి, "ఓలప్పా, కూకో! నీళ్ళలో కరెంటున్నాది!" అని అరుస్తుంటే తెలివొచ్చింది. అప్పటికి నా కాలు ఒకటి పడవ అంచు మీద ఉంది.

షష్ఠి, సప్తమి

చేపలు: కొన్ని వచ్చాయి. మర్నాడు ఇంకా తక్కువ.

ఒకటి మాత్రం రెండో రోజు కూడా వచ్చింది. ముసలిది, పెదవి మీద పాత గాటు ఉంది. వాడు పెంచిన మొదటి పిల్లల్లోది అయి ఉంటుందని షమీమ్ అంది. అది వచ్చినప్పుడు మీట నొక్కలేక పక్కవాడికిచ్చింది.

దశమి

పిలుపు: ఇచ్చారు. చేపలు: పారిపోయాయి.

మొదటి అక్షరం పూర్తికాకముందే. "బు" అన్నాడో లేదో, నీళ్ళు ఖాళీ.

బోయా చుట్టూ ఇంక ఒక్కటీ లేదు. బూర విప్పి పైకి లాగారు. దాని నిండా నత్తలు పట్టి ఉన్నాయి.

ఆషాఢం, కొత్త నీరు

మొగ దగ్గర నీళ్ళు తోడి భూతద్దం కింద పెట్టి చూపించింది షమీమ్. ఆవగింజలో సగం కూడా లేని గుడ్లు, గాజు పూసల్లా ఉన్నాయి. లోపల ఒక్కోదాంట్లో నల్లటి చుక్క కదులుతోంది. అది కన్నట.

"బతికినాయి పెద్దమ్మా" అంది. సంతోషంగా చెప్పాలని చూసింది, పాపం.

వాడంతా సంతోషించారు. సంతోషించాలి. కాసులమ్మ కోడలు లడ్డూలు పంచింది. కేంద్రంలో తొట్టెలో ఉన్న పిల్లలకి గంట కొట్టి గుళికలు వేస్తున్నారు. ఇనుప గంట. ఏ మనిషి గొంతూ కాదు, ఎవరు పోయినా అది పోదు. మంచి ఆలోచనే.

షమీమ్ చింతగింజంత డబ్బీ ఒకటి నా చేతిలో పెట్టింది. అందులో వాడి పిలుపు ఉందట. కొంగున ముడేసుకున్నాను. వినలేదు. వింటే ఆ చేపలు బిగుసుకోవడమే కనపడుతుంది.

శ్రావణం. పాటు నీరు, పొద్దున్నే

ఇవాళ ఒడ్డు కేక వేశాను.

ఎవరూ అడగలేదు. నేనే పోలారావుకి కబురు పెట్టాను. ఇంక సముద్రంలోంచి వాడి గొంతు వచ్చేది లేదు కదా, ఆపుకోవడానికి నాకు సాకు లేదు.

వాడంతా నా వెనక నిలబడ్డారు. షమీమ్ కూడా వచ్చింది, తలమీద చున్నీ వేసుకుని. గుప్పెట్లో వేడన్నం పట్టుకుని చీలమండల దాకా దిగాను. నీళ్ళు తేటగా ఉన్నాయి. నా కాళ్ళ దగ్గర, కొంచెం అవతల, పండుగప్పలు. నిరుటి పిల్లలు, బోయా దగ్గర పెరిగినవే, జానెడువి. ఇసుక రంగులో కలిసిపోయి, మెల్లగా మేస్తూ ఉన్నాయి. నేను దిగితే కొంచెం జరిగాయి, మళ్ళీ సర్దుకున్నాయి.

మొదటిసారి "ఎల్లాజీ" అన్నాను. నాకే సరిగ్గా వినపడలేదు.

రెండోసారి "ఎల్లాజీ" అన్నాను. కెరటం మింగేసింది.

మూడోసారి ఎలా పిలిచానో నాకు తెలియదు. పేరొక్కటే పిలవాలి, పద్ధతి అది. కాని నోట్లోంచి పాత పిలుపే వచ్చేసింది, వాడు మోకాలంత ఉండి పీతల కోసం గోతులు తవ్వుకుంటుంటే ఇంటి ముందు నుంచి పిలిచినట్టు, కడుపులోంచి.

"ఎల్లాజీ... బువ్వకొచ్చీరోయ్..."

కాళ్ళ దగ్గర నీళ్ళు ఒక్కసారి తెల్లగా చిట్లాయి. చేపలన్నీ మలుపు తిరిగి లోపలికి పారిపోయాయి. ఒక్కటి లేదు. ఇసుక మాత్రం లేచి, కాసేపు తిరిగి, మళ్ళీ పేరుకుంది.

నా కాలి అలికిడికేనేమో. అయి ఉండొచ్చు. అంతకుముందు దాకా అదే కాలికి అవి బెదరలేదు.

వెనక నుంచి పోలారావు అడిగాడు. "సంద్రం ఏటన్నాదొదినా?"

అన్నం వేడికి అరచెయ్యి మండుతోంది. షమీమ్ ముక్కు ఎగబీలుస్తున్న చప్పుడు వినపడింది. తనూ చూసింది అనుకుంటాను ఆ చేపల్ని. వాడి గొంతు నా గొంతులో ఎంత ఉందో ఆ చేపలకీ మా ఇద్దరికీ తప్ప ఇంకెవరికీ తెలియదు.

"ఏటీ అన్లేదు" అన్నాను.

గుప్పెట విప్పాను. అన్నం నీళ్ళలో మునిగి, తెల్లగా అడుగున పరుచుకుంది. తినడానికి ఏదీ రాలేదు. వెనక్కి చూడకూడదు కాబట్టి చూడలేదు.

మధ్యాహ్నం కాసులమ్మ పండుగప్ప పులుసు చేసి తెచ్చి, కంచంలో వేసి, నేను ముద్ద నోట్లో పెట్టుకునేదాకా ఎదురుగా కూర్చుంది. తిన్నాను. ఉప్పు సరిపోయిందా అని అడిగితే సరిపోయిందన్నాను.

నీళ్ళు: చల్లబడ్డాయి. రంగు: తేట. నాచు తాళ్ళు: తెగలేదు. పిలుపు: నేను ఇచ్చాను. చేపలు: రాలేదు.